తెర మీద రాసింది ఎవరూ చదవలేదు

నేను ఒక సర్వర్‌ని. ఈ మాట అనగానే రెండు ఇడ్లీ పట్టుకురమ్మంటారు కొందరు. ఆ సర్వర్‌ని కాను, కంప్యూటర్‌ని. గుంటూరులో ఒక బట్టలకొట్టులో ఆరేళ్ళు చీరల జాబితాలు మోసి, సెకండ్‌హ్యాండ్‌లో తణుకు దగ్గర ఓ డిగ్రీ కాలేజీకి చేరాను.

పరీక్షల మొదటిరోజు పొద్దున్నే నేను లేవలేదు. సగం లేచి, తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం రాసి ఆగిపోయాను. రెండువందల పన్నెండుమంది హాల్‌టికెట్లు నా కడుపులోనే ఉన్నాయి. పదింటికి పరీక్ష.

ప్రిన్సిపాల్ పరాంకుశంగారు పరుగున వచ్చారు. "ఏమయ్యా ఇమ్మానుయేలూ, నిన్న సాయంత్రం దాకా బానే ఉందిగా! ఏం కెలికావు?"

"నేను ముట్టుకోలేదండీ," అన్నాడు ల్యాబ్ చూసుకునే ఇమ్మానుయేలు.

నన్ను ఏడుసార్లు ఆపి, ఏడుసార్లు వేశాడు. ఏడుసార్లూ అదే వాక్యం రాశాను. మూత విప్పి బ్రష్షుతో దుమ్ము దులిపితే చక్కిలిగింత పుట్టింది గాని, చెప్పేదెలా? పరాంకుశంగారు నా వీపు మీద రెండు చరిచారు. తర్వాత కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు నా మీద పడకుండా ఇమ్మానుయేలు అడ్డం వచ్చి తానే తడిశాడు.

కిటికీ ఊచలు పట్టుకుని ఒకమ్మాయి ఏడుస్తోంది. "సార్, ఈ పరీక్ష తప్పితే మా నాన్న చదువు మాన్పించేస్తాడు సార్."

అప్పుడు ఆఫీసు గుమాస్తా సత్యవాణిగారు కళ్ళజోడు సర్దుకుని నా తెర చూశారు. "ఇక్కడేదో రాసుంది. ఎవరైనా చదివారా?"

ఎవరూ చదవలేదు.

"తగిలించినవి ఏమైనా ఉంటే తీసేసి, ఏదో ఒక మీట నొక్కమంటోంది."

నా వెనక ఎర్ర పెన్‌డ్రైవ్ ఉంది. నా సొంత డిస్కులోంచి కాకుండా అందులోంచి లేవాలని చూస్తూ పొద్దుట్నుంచీ నేను పడుతున్న అవస్థ అదే! పీకారు, నొక్కారు, లేచాను. తొమ్మిదీ నలభైకి ఆ అమ్మాయి తన హాల్‌టికెట్టు పట్టుకుని పరిగెత్తింది.

"ఎవరిదిది? వాళ్ళకి మెమో ఇస్తాను!" అని గర్జించారు పరాంకుశంగారు.

ఎవరిదో తెలుసుకుందామని సత్యవాణిగారు దాన్ని పక్క కంప్యూటర్‌కి తగిలించారు. అన్నీ పాటలే. మొదటిది నొక్కగానే పరాంకుశంగారి గొంతే గది నిండా మోగింది, శ్రుతిని ఒక పక్కనా తాళాన్ని ఇంకో పక్కనా వదిలేసి. నిన్న సాయంత్రం దాన్ని నాకు తగిలించి, నా దగ్గర కూర్చుని విన్నది ఆయనే.

ఆయన మొహం కందిపోయింది. చివరికి మెల్లగా, "ఎలా ఉందయ్యా?" అన్నారు.

తలంతా కొబ్బరినీళ్ళు కారుతున్న ఇమ్మానుయేలు ఆయన కళ్ళలోకి చూశాడు. "చాలా బావుందండీ," అన్నాడు.

ఎన్నేళ్ళు పనిచేసినా ఆ వాక్యం మాత్రం నేను రాయలేను.