కప్ రోజున తేలిన మంచు ఊరు

మంచులో క్రిస్మస్! ఇంట్లో ఈ మాట మొదలై నెలలవుతున్నా నాకింకా ఒళ్ళు ఝల్లుమంటూనే ఉంది. మా లోయలో మంచు పడేది జూలైలో. డిసెంబరు మాకు నడివేసవి, అప్పుడు పడేవి అడవి మంటల నిప్పురవ్వలు. మా ఆయన లిండ్సే ఊళ్ళో మంటలార్పే వాలంటీర్ దళానికి కెప్టెన్. అంతకుముందు వాళ్ళ నాన్న కెప్టెన్. ఉత్తరపు వడగాలి వీచే కాలంలో కెప్టెనన్నవాడు ఊరు దాటడు. నేను కాపురానికొచ్చాక ఒక్క క్రిస్మస్ భోజనమైనా ఆయన కడుపునిండా తిన్న పాపాన పోలేదు. హ్యామ్ మాంసం కొయ్యడానికి కత్తి ఎత్తగానే నడుముకున్న పేజర్ మంట కబురుతో కుయ్యిమనేది. కత్తి నా చేతిలో పెట్టి పరిగెత్తేవాడు.

ఈ చలికాలంలో ఆయన దిగిపోయాడు, నోలీన్ అనే అమ్మాయి కెప్టెనయింది. "ఇంకేం, క్రిస్మస్‌కి ఎక్కడికైనా పోదాం" అని నోరు జారింది ఆయనే. జారిన మాటని మళ్ళీ మింగనిస్తానా!

ఎక్కడికన్నది మాత్రం తెగలేదు. లిండ్సే జపాన్ అన్నాడు. మా అత్తగారు డల్సీ కెనడా అంది. మా అమ్మాయి టామ్సిన్ ఆస్ట్రియా అంది. మూడు చోట్లా గదులు పట్టి ఉంచాం. నాకా, మంచు మీద జారే ఆ స్కీయింగ్ రానే రాదు. నాకు కావలసింది ఒక్కటే. ఆయన నా ఎదురుగా కూర్చుని, వడగాలికి చెవి ఒగ్గకుండా, ఒక్క క్రిస్మస్ భోజనం ఆసాంతం తినాలి. అది ఏ దేశంలోనైనా సరే.

నవంబరులో గుర్రప్పందేల పండగ, కప్ రోజు వచ్చినా తగువు తెగలేదు. "కెనడా మంచు పిండిలా పొడిగా ఉంటుందే" అంటోంది డల్సీ, టీవీలో పందేలు చూడ్డానికని పెట్టుకున్న ఈకల టోపీ సర్దుకుంటూ. "మన హోథమ్ కొండ మీదిది తడి సిమెంటు. బతుకంతా ఆ సిమెంటు మీదే జారాను."

"ఆ మోకాళ్ళకి పొడి మంచయితేనేం, తడి మంచయితేనేం నానమ్మా?"

"నా మోకాళ్ళ గొడవ నీకెందుకే? ఆస్ట్రియాలో నువ్వు జారేదెంత, ఫొటోలు దిగేదెంత?"

"ఆపండి తల్లీ!" అన్నాను. "కప్ రోజున ఎలాగూ గుర్రాల పేర్ల చీటీలు తీస్తాంగా. ఈసారి పందెం డబ్బు కాదు, మంచు ఊరు. ఎవరి గుర్రం గెలిస్తే వాళ్ళ మాటే చెల్లుతుంది. తర్వాత సణుగుళ్ళు లేవు."

"మరి నీది గెలిస్తే, మేరన్?" అన్నాడు లిండ్సే.

"అంటార్కిటికా. అక్కడ తగలబడ్డానికి చెట్లుండవు."

అందరూ నవ్వారు. నేను మాత్రం సగమే నవ్వాను.

డల్సీ టోపీలో చీటీలు వేసి పంచుకున్నాం. టీవీలో పందెం గేట్లు తెరుచుకున్నాయి. మొదటి మలుపుకే నా గుర్రాలన్నీ గుంపులో కలిసిపోయాయి. డల్సీ గుర్రం సిల్వర్ బిల్లీ ముందుంది. "లాగరా నాయనా, లాగు!" అని ఆవిడ సోఫా చెయ్యిని కొరడాలా బాదుతోంది. ఆఖరి మలుపులో టామ్సిన్ గుర్రం దూసుకొచ్చింది. మా అమ్మాయి సోఫా ఎక్కి గంతులు. ఇంతలో బయటి అంచు నుంచి లిండ్సే గుర్రం క్వయట్ థండర్! ఎక్కణ్ణించి వచ్చిందో మహాతల్లి, ఒక్క మెడ పొడుగు తేడాతో గెలిచేసింది. నలుగురం ఒకేసారి అరిచిన అరుపుకి కుక్క బల్ల కిందికి దూరింది.

"జపాన్!" లిండ్సే నన్ను గిర్రున తిప్పాడు. డల్సీ కూడా వెంటనే జెండా మార్చేసింది. "పోనీలే, అక్కడ వేడినీటి కొలనులున్నాయట. నా మోకాళ్ళు సంతోషిస్తాయి." టామ్సిన్ మూతి ముడుస్తూనే టికెట్లు తీయడానికి ల్యాప్‌టాప్ తెరిచింది. నాకు నేల మీద కాలు ఆనడం లేదు.

"నాన్నా, నీ ఒక్కడికే తారీఖు మార్చుకునే టికెట్ తియ్యమన్నావేంటి?"

లిండ్సే నీళ్ళు నమిలాడు. "ఊరికే. వడగాలి లేచిందనుకో... జపాన్ నుంచయితే రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతాను. మీరు హాయిగా ఉండండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే నువ్వు జపానన్నది మంచు చూసి కాదన్నమాట! ఇంటికి దగ్గరని!"

"నోలీన్ కొత్త పిల్ల, మేరన్..."

"కొత్త పిల్లకి శిక్షణ ఇచ్చింది నువ్వేగా! నాకు మంచూ వద్దు, మన్నూ వద్దు. ఒక్క పూట నా ఎదురుగా కూచోమన్నాను. అదీ పెద్ద కోరికేనా?" నలుగురి ముందు ఏడవడం నాకు చచ్చేంత చిరాకు, అయినా ఏడ్చాను.

లిండ్సే తల్లి వైపు చూశాడు, వెనకేసుకొస్తుందని కాబోలు. డల్సీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీ నాన్న కూడా ఏటా ఇదే పాట. 'వచ్చే ఏడు తప్పకుండా డల్సీ, నేను లేకపోతే ట్రక్కు కదలదు' అనేవాడు. ఆయన్ని పూడ్చిన రోజు గుర్తుందా నీకు?"

"అమ్మా, ఇప్పుడదెందుకు?"

"ఆ మధ్యాహ్నమే కొండవాలు అంటుకుంది. దళం మొత్తం నల్ల కోట్లతో శ్మశానంలోనే ఉంది. నేనింకా మన్ను వెయ్యనేలేదు, ట్రక్కు వెళ్ళిపోయింది. సమయానికే వెళ్ళింది. మంటా ఆరింది. చూస్తూ నిలబడిపోయాను లిండ్సే. ఆయన లేకుండానే కదిలిందిరా."

టీవీలో గుర్రానికి పూలదండ వేస్తున్నారు. లిండ్సే వెళ్ళి కూతురి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"టామ్, ఈ మూడు చోట్లలో ఇంటికి రావడం ఎక్కడినుంచి కష్టం?"

"ఆస్ట్రియా. బస్సు, రైలు, ఆపైన రెండు విమానాలు. ఏం?"

"అదే తియ్యి. గెలిచింది నా గుర్రమే, మాటా నాదే."

"తారీఖు మారేదేనా?"

"మారనిదే."

టామ్సిన్ కేక పెట్టింది. డల్సీ అంతకంటే పెద్ద కేక పెట్టింది, కెనడా కాకపోయినా. నేను కళ్ళు తుడుచుకుని, ఆస్ట్రియాలో క్రిస్మస్‌కి ఏం వండుతారో చూడమని మా అమ్మాయికి చెప్పాను. ఎంత పెద్ద భోజనమైతే అంత మంచిది.