వెండిబిళ్ల వెనకవైపు

కర్నూలు రాజధాని అయిన ఏడాది, మా అత్త విశ్వాసమ్మకు శెనక్కాయ పెరికేటప్పుడు చేలో ఒక వెండిబిళ్ల దొరికింది. నా తొలి కాన్పు పోయి, రెండోసారి నెలలు నిండుతున్న రోజులవి. అత్త కోడుమూరు కంసాలి చేత దానికి కొక్కెం అతికించి, పొడుగు నల్లదారానికి కట్టి నా మెడలో వేసింది. "చర్చిలో ఉపదేశయ్య అడిగితే తాయెత్తు అనొద్దు మే, నగ అను," అని నేర్పింది కూడా. ఆవిడ భక్తి అలాంటిది.

బిళ్ల మీద పొడుగు ముక్కు తల, తలకు ఆకుల దండ. రాణిగారి రూపాయి అన్నారు అందరూ. రాణికి అంత లావు మెడ ఉండదని మా ఆయన వాదన. వెనకవైపు కంసాలి లక్క నల్లగా పట్టి ఉండేది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బావి దగ్గర నేను వంగితే దారం బయటికి జారింది. ఉపదేశి దావీదురాజుగారు బిళ్లను తీయించి చూశారు.

"ఇది రోము వెండి విశ్వాసమ్మా. ఏసయ్య కాలం నాటిది," అన్నారు సంబరంగా.

మా అత్త ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏసయ్యను పట్టిచ్చినందుకు యూదాకు ఇచ్చిన వెండేనా అయ్యా? ఆ పాపిష్టి సొమ్మునా నా కోడలి మెడలో ఏసినాను?"

ఆ కాలపు వెండంతా యూదా ఒక్కడిదేనా అని నాకు ఒళ్లు మండింది. కానీ పొట్ట మీద చెయ్యి వేసుకుంటే, పొద్దుటి నుంచి బిడ్డ కదిలిన గుర్తు లేదు. కోపం కాస్తా భయమైపోయింది.

దావీదురాజుగారు తల గోక్కున్నారు. "నేను చదువుకునేటప్పుడు మిషను దొరగారు బొమ్మలో చూపించినారు. యూదాకిచ్చిన బిళ్లకు వెనక గద్ద ఉంటాదంట. దీని వెనక ఏముండాది?"

"లక్క ఉండాది," అన్నాను.

చర్చి వెనకే మా ఇల్లు. పొయ్యిలో నిప్పులు ఎగదోసి, దారం విప్పేసి, పట్టకారుతో బిళ్లను వాటిమీద పట్టాను. ఉపదేశిగారు గడప దగ్గరే నిలబడ్డారు. అత్త గోడవైపు తిరిగింది. "నువ్వే చూడు మే. నాకు చేతకాదు."

లక్క మెత్తబడ్డాక కొంగుతో తుడిచాను. ముందు సన్నగా ఈనెలు కనబడ్డాయి. రెక్కే అనుకుని నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకాస్త రుద్దితే అది ఆకుల రెమ్మ. రెమ్మ పట్టుకున్న చెయ్యి. కుర్చీలో నిమ్మళంగా కూర్చున్న ఆడమనిషి.

"గద్ద కాదు అత్తా. ఆడమనిషి."

అత్త గబుక్కున లాక్కుని వెలుగులో చూసింది. "పురిటింటికి ఏపరెమ్మ తెచ్చి కూర్చుండాది తల్లి," అని భోరుమని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం ఏడుస్తూ నవ్వాం.

తర్వాత తనే బిళ్లను మళ్లీ దారానికి కట్టి నా మెడలో వేసి, తిప్పింది. "ఆయమ్మ మొగం లోపలికి ఉండల్ల. ఆ ముక్కోడు బయట కాపలా కాయనీ."

"ఇది తాయెత్తేనా విశ్వాసమ్మా?" అన్నారు ఉపదేశిగారు.

"నగ అయ్యా," అంది అత్త కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడు లోపలి నుంచి బిడ్డ ఒక్క తన్ను తన్నింది. పొట్ట మీది రోము రాజు ఎగిరి పడ్డాడు.