పేరు లేని మెయిల్

గురజాల బస్టాండు ఎదుట వాసంతి నెట్ సెంటర్‌లో అప్లికేషన్ పెట్టుకున్న వాళ్లందరికీ ఒకటే ఈమెయిల్. అది వాసంతిది. మెయిల్ ఐడీ ఏదని అడిగితే ఎదుటి మనిషి తెల్లమొహం వేసేవాడు, ఆమె తన షాపు ఐడీ కొట్టేసేది. అప్పటికి పని జరిగిపోయేది. తమ పేరు మీద మెయిళ్లు వస్తాయన్న సంగతే చాలామందికి తెలియదు.

ఆ పొద్దున కంప్యూటర్ తెరవగానే ఎర్రటి అక్షరాలతో ఒక మెయిల్ కనిపించింది. ప్రియమైన దరఖాస్తుదారునికి అని మొదలైంది. మీ దరఖాస్తు నిలిపివేశాం, సాయంత్రంలోగా కింది లింకు నొక్కి ఆధార్ నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఇవ్వకపోతే శాశ్వతంగా రద్దవుతుంది అని ఉంది. ఏ దరఖాస్తో లేదు, ఎవరిదో లేదు. వాసంతి రెండుసార్లు పైకి చదివింది.

షాపులో అప్పటికే మహమూదా, ఆమె కూతురు అల్ఫియా కూర్చుని ఉన్నారు. నరసరావుపేటలో నర్సింగ్ సీటుకు దరఖాస్తు చేసిన నాటి నుంచి ఆ పిల్ల కబురు కోసం రోజూ వచ్చి అడిగిపోతోంది. ఆ సీటు తప్ప ఆమెకు మరో ఆశ లేదు. రద్దన్న మాట వినగానే మహమూదా కుర్చీ ముందుకు జరుపుకుంది. అది తమదేనని, వెంటనే నొక్కమని బతిమాలింది.

పొలం పాస్‌బుక్కులో పేరు సరిచేయించడానికి దరఖాస్తు పెట్టుకుని, దాని సంగతి కనుక్కోవడానికి అప్పుడే వచ్చిన వెంకట్రామయ్య ఊరుకుంటాడా? ఆ మెయిల్ తనదేనని, గిట్టనివాళ్లెవరో ఆఫీసులో అడ్డం కొట్టారని గొంతు పెంచాడు. ముందు తన ఆధార్ కొట్టమన్నాడు. మహమూదా తన కూతురి కార్డు టేబుల్ మీద పెట్టింది. ఒకరిది కొడితే రెండోవారిది పోతుందేమోనని వాసంతికి భయం. ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంది. ఏమీ పాలుపోక చెయ్యి మౌసు మీదికి పోనిచ్చింది.

"ఆగక్కా," అంది అల్ఫియా. "ఇది నాకూ సరిపోతంది, బాబాయికీ సరిపోతంది. పేరు కూడా రాయలేదంటే, మనమెవరమో వాళ్లకి తెలవనట్టేగా?"

వాసంతి అప్పుడు పంపినవారి అడ్రసు చూసింది. ఏ ఆఫీసుదీ కాదు, ఏ కాలేజీదీ కాదు, అర్థంపర్థం లేని అక్షరాల గుంపు. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంతసేపూ దొంగను మా ఇంటికంటే మా ఇంటికని ఇద్దరూ పిలుచుకున్నారన్నమాట.

మహమూదాకు మాత్రం అనుమానం తీరలేదు. ఒకవేళ నిజమైతే? అల్ఫియా కాలేజీ రసీదు మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. అలాంటి మెయిల్ తాము పంపలేదని, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అవతలి క్లర్కు అన్నాడు. అయితే పోయిన వారమే ఆమెకు సీటు వచ్చిందని మెయిల్ పెట్టామని, ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావడానికి ఇవాళే ఆఖరు రోజని, రాకపోతే సీటు తర్వాతివారికి పోతుందని చెప్పాడు.

వాసంతి కంగారుగా పాత మెయిళ్లలో కిందికి వెతికింది. లోన్ల ప్రకటనలు, ఇన్సూరెన్సు ప్రకటనల మధ్య అది దొరికింది. అల్ఫియా పూర్తి పేరుంది, అప్లికేషన్ నంబరుంది. లింకు లేదు, ఆధార్ అడగలేదు. కాలేజీకి వచ్చి కలవమని నాలుగు ముక్కలు, అంతే. అప్పటికే ఎవరో తెరిచినట్టు చూపిస్తోంది. తెరిచేవాళ్లు వాసంతి తప్ప ఇంకెవరున్నారు? ప్రకటనల్లో ఇదీ ఒకటనుకుని చదవకుండానే దాటేసి ఉంటుంది.

"ఇది మాత్రం నిజమని ఎట్టా నమ్మేది?" అంది మహమూదా. ఆమెకు ఇప్పుడు దేన్ని చూసినా భయంగానే ఉంది. కాలేజీ వాళ్లే ఫోన్లో చెప్పారు కదా అని అల్ఫియా తల్లిని లేవదీసి, సర్టిఫికెట్ల సంచి తెచ్చుకోవడానికి ఇంటికి పరుగు పెట్టబోయి గుమ్మంలో ఆగింది.

"దొంగోడి మెయిల్ రాగానే అందరికీ వినపడేట్టు చదివావు గదక్కా. నాది ఎందుకు చదవలేదు?"