ఆహాగారు ముందే చూసిన సముద్రం

శనివారం వచ్చిందంటే మా ఊరికి కళల పూనకం వస్తుంది. వారమంతా చేపల ధర తప్ప మరో మాట ఎత్తని మనుషులు, ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీ బట్టలు వేసుకుని, సముద్రపు ఒడ్డున ఉన్న పాత ఐసు ఫ్యాక్టరీ హాల్లోకి దూరతారు. ఒక వారం కవితలు, ఒక వారం వేణువు, ఒక వారం ఎవరో ఏరుకొచ్చిన గులకరాళ్లు. ఏది పెట్టినా దాని ముందు రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి, "లోతుంది" అంటారు. తర్వాత బిస్కెట్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటారు. ఆ హాలుకి మేనేజర్ని నేను. మేనేజరంటే కుర్చీలు వేసేదీ నేనే, బిస్కెట్లు దాచేదీ నేనే.

వీళ్లందరికీ పెద్ద, ఆహాగారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. ఊరి పత్రికలో ఆదివారం కళల పేజీకి సమీక్షలు రాస్తారు. ఆ పేజీ శుక్రవారమే అచ్చుకి పోతుంది కాబట్టి, శనివారం మొదలయ్యే ప్రదర్శనని ఆయన శుక్రవారమే చూసేస్తారు, ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరినైనా మెచ్చుకుంటారే తప్ప మాట అనరు కనక ఎవరికీ నొప్పి లేదు. ఓసారి వేణువాయన జ్వరం వచ్చి రానేలేదు. ఆదివారం పత్రికలో మాత్రం శ్రోతలు మైమరచిపోయారు. ఆ ముక్క కత్తిరించి ఆయన ఫ్రేము కట్టించుకున్నాడు కూడా.

ఈసారి ప్రదర్శన మా అక్కది. అక్క బడిలో డ్రాయింగు టీచరు. అమ్మ పోయినప్పటి నుంచి అమ్మనే వేస్తోంది. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఏ పటంలో చూసినా ఆవిరి, తెల్ల దుప్పట్ల గుట్టలు, వాటి మధ్య వాచిన కాళ్లతో అమ్మ. నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఆసుపత్రిలో పడుకున్నవాళ్లు ఎవరూ తమ దుప్పటి ఉతికింది ఎవరని అడిగి ఉండరు.

"బతికుండగా అమ్మని ఎవరూ చూడలేదే," అంది అక్క, గోడకి మేకులు కొడుతూ. "ఒక్కళ్లయినా నిలబడి, ఈవిడెవరు అని అడిగితే చాలు నాకు."

శనివారం నలుగురైదుగురు వచ్చారు. బిస్కెట్లు తిన్నారు, పోయారు. అక్క కుర్చీ అంచున కూర్చుని, తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడుతూనే ఉంది.

ఆదివారం పత్రిక వచ్చింది. "టీచరమ్మ కుంచెలో నీలి సముద్రం ఉప్పొంగింది. పటాల ముందు నిలబడితే అలల హోరు చెవుల్లో మోగుతుంది." ఒడ్డున ఉన్న ఊళ్లో టీచరమ్మ బొమ్మలేస్తే ఇంకేం వేస్తుందిలే అనుకున్నట్టున్నారు. హాలంతా గాలించినా మచ్చుకి కూడా నీలం లేదు.

మధ్యాహ్నానికి జనం విరగబడ్డారు. "సముద్రం ఏ వైపుందండీ?" అని ఒకాయన నన్నే అడిగాడు. తలుపు తీస్తే ఎదురుగా అసలు సముద్రం ఉంది, దాని మొహం చూసేవాళ్లు లేరు. గోడల వెంట వెతికి వెతికి అందరూ మొహాలు మాడ్చుకున్నారు. అంతలో ఆహాగారు వేంచేశారు. పెద్ద పటం ముందు ఆగారు. తెల్లబోయింది ఒక్క క్షణమే.

"చూశారా, ఈ తెలుపంతా నురుగు. ఈ మడతలు అలలు. నీలం ముట్టుకోకుండా సముద్రం వేయడమంటే మాటలా?" అన్నారు.

అంతే, అందరికీ చూపు వచ్చేసింది. ఒకావిడకి పడవ కూడా కనిపించింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అవి దుప్పట్లండీ," అన్నాను. "ఆసుపత్రి దుప్పట్లు."

"చూసేవాళ్ల కంటికి ఏది కనిపిస్తే అదేనమ్మా కళ," అన్నారు ఆహాగారు చాలా మెత్తగా. చూడకుండానే కనిపించే కళ్లు ఆయనవి.

ఒడ్డు మీది పెద్ద హోటలు యజమానురాలు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "టీచరమ్మా, దీన్ని మా హోటల్లో గుమ్మం ఎదురుగా పెట్టుకుంటాను. వచ్చేపోయేవాళ్లందరి కంటా పడుతుంది. మా దగ్గర గోడలన్నిటికీ సముద్రం బొమ్మలే. ఇదీ సముద్రమే కదా?"

అక్క చుట్టూ చూసింది. రెండు రోజుల్లో మొదటిసారి ఆ పటం ముందు ఇంతమంది నిలబడ్డారు. చెప్పవే అక్కా, అమ్మ అని చెప్పవే అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

"అవునండీ," అంది అక్క. "సముద్రమే."

"మరి మధ్యలో ఈవిడెవరు?"

అక్క గోటికి అంటిన రంగు గీక్కుంది. "ఎవరూ కాదండీ," అంది. "ఊరికే వేశాను."

ఆహాగారి మీద కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు, ఏడుపొచ్చింది. అమ్మ విందేమోనని పటం వైపు చూశాను. అమ్మ తలెత్తలేదు. బతికుండగా ఇలాంటి మాటలు చెవిన పడితే ఏం చేసేదో అదే చేస్తోంది. తల వంచుకుని దుప్పటి మడతపెట్టుకుంటోంది.