గాజు పరుపు

మా తమ్ముడు సలీం తెలివిగలవాడు. ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు. తెలివితో పాటు కాస్త సిగ్గు కూడా ఉంటే బాగుండేదని మాత్రం అంటాను. వాడు వింటే విననీ, నాకేం భయం లేదు.

మేము దూదేకులవాళ్లం. మా తాత కాలం నుంచీ బూర్గంపాడులో పరుపులు కుట్టే ఇల్లు మాది. పత్తిని మిషనులో ఏకడం, పొరలుగా పరవడం సలీం పని. దబ్బనంతో కుట్టడం నా పని. మొగుడు పోయాక తమ్ముడింటికి వచ్చినదాన్నే గాని, ఈ సఫూరా ఏ పూటా ఊరికే కూర్చుని తినలేదు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పరుపు ఏదైనా సరే, కొన్నవాళ్ల చేతికి ఇచ్చే ముందు మా ఇంటి పసిపిల్ల దాని మీద పొర్లాలి. పిల్ల నవ్వుతూ పొర్లితే ఆ పరుపు మీద పడుకునేవాళ్లకు నిద్ర కరువుండదని మా అమ్మ చెప్పేది. చిన్నప్పుడు నేను పొర్లాను, సలీం పొర్లాడు. ఇప్పుడు సలీం కూతురు సుమేరా వంతు. ఇంకా పాలపళ్లు ఊడని పిల్ల. చివరి ముడి వేశానో లేదో, పిలవకముందే ఉరికొచ్చి ఆ కొస నుంచి ఈ కొసకు దొర్లి, "అత్తా, ఇది పాసు!" అని వీధంతా వినబడేలా అరిచేది.

ఫోమ్ పరుపులు వచ్చి మా పొట్ట కొట్టాయి. పెళ్లిళ్ల కాలంలో కూడా మిషను తిరగని రోజులొచ్చాయి. అప్పుడు తగిలాడు చందర్.

ఈ చందర్ పెద్ద పెద్ద షెడ్లకు రేకుల కింద గ్లాస్ ఊలు పరిచే కాంట్రాక్టరు. గాజును కరిగించి సన్నటి దారాలుగా తీసి దూదిలా చేస్తారట. పసుపు పచ్చగా, చుట్టలు చుట్టలుగా వస్తుంది. దాన్ని రేకు కింద పరిస్తే ఎండ వేడి లోపలికి దిగదు. తల్లాడ దగ్గర మిర్చి గోదాము పనిలో చినిగిన ముక్కలు, కోసేసిన అంచులు గుట్టగా మిగిలాయి. వాటిని పారబోయిస్తుంటే, అదే ఊళ్లో పరుపు ఇచ్చి వస్తున్న సలీం కంట పడ్డాయి. దూది కనబడితే మావాడి చెయ్యి ఊరుకుంటుందా? పిడికెడు తీసి వేళ్లతో విప్పి చూశాడు.

"సారూ, గింత మంచి సరుకు పారబోసుడేంది? నాకియ్యిండ్రి. ఏకి, బొంత కుట్టి మీకే ఇస్త" అన్నాడట.

తర్వాత మా వాకిలి నిండా ఇనుప సామానే. పత్తి మిషను పళ్లు మార్చాడు. దాని చుట్టూ రేకు డబ్బా బిగించాడు. పాత కూలరు ఫ్యాను పెట్టి, ఏకిన గాజు దూది గాలితో పాటు వచ్చి కింద పరిచిన గుడ్డ మీద సమానంగా పడేట్టు చేశాడు. పైన ఇంకో గుడ్డ వేసి గళ్లు గళ్లుగా కుట్టడం నా వంతు. బొంత అంచులకు తాడు ఉంగరాలు కూడా పెట్టించాడు. ఇదివరకు పరంజా కట్టి, మనుషులు పైకెక్కి, తల మీద దుమ్ము పోసుకుంటూ ఆ చుట్టలు పరిచేవాళ్లు. సలీం బొంతకైతే నేల మీద ఇద్దరు నిలబడి గిలక తాడు లాగితే చాలు, నాటకాల తెరలా పైకి పోయి రేకు కింద అతుక్కుని కూర్చుంటుంది. చందర్ చూసి నోరు తెరిచాడు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

కాని నా చేతులు మోచేతుల దాకా ఎర్రగా పొక్కాయి. "దురద పెడ్తుందిరా" అంటే, "కొత్త పత్తికి గూడ దుమ్ము లేస్తది గదక్కా. ఇంకోసారి ఏకుత, మెత్తగైతది" అన్నాడు. వాడికి తెలిసిన లెక్క అదొక్కటే, ఎంత ఏకితే అంత మెత్తన అని. పత్తికి అది నిజం. గాజును ఏకితే విరుగుతుంది. విరిగిన ప్రతి తునకా సూది. ఆ సంగతి మాకు ఎవరి ఒంటి మీద తెలిసిందో తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

చందర్ ఒకరోజు శ్రీదేవి అనే ఆమెను కారులో తీసుకొచ్చాడు. గోదావరి అవతల, భద్రాచలం దాటాక, ఆమె బడి కట్టిస్తోంది. పిల్లల హాస్టలు గదులకు రేకుల కప్పు. ఆమె బొంతను వేలితో తాకి వెంటనే వేలు చీరకు తుడుచుకుంది.

"పిల్లలు పడుకునే గదులండీ ఇవి. పైనుంచి దుమ్ము రాలినా, దురదలొచ్చినా తల్లిదండ్రులు నన్ను బతకనివ్వరు" అంది.

సలీంకు రోషం వచ్చింది. "మేడం, మా ఇంట్ల పసిపిల్ల పొర్లనిదే పరుపు బయటికి పోదు. గిది గూడ అంతే. మీ కండ్లతోని చూడుండ్రి" అని సుమేరాను కేకేశాడు. చేతుల్లేని గౌనుతో ఉరికొచ్చింది పిల్ల. ఆ కొస నుంచి ఈ కొసకు దొర్లి, చెంప ఆనించి, "అత్తా, ఇది పాసు!" అని అరిచింది. శ్రీదేవి మేడం చప్పట్లు కొట్టింది.

అంతవరకు వాడిది తెలియనితనం. తెలియనితనాన్ని నేను తిట్టను.

పొద్దు వాలేసరికి పిల్ల ఒళ్లంతా దద్దుర్లు. గోకిన కొద్దీ ఎర్రబడుతోంది, ఎర్రబడిన కొద్దీ గోకుతోంది. ఎడమ కన్ను నలిపి నలిపి నిప్పులా చేసుకుంది. తెల్లారగానే బస్సెక్కి బ్రిడ్జి దాటి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు రెప్ప తిప్పి చూసి సలీం వైపు తిరిగాడు. "గాజు తునకలయ్యా. నల్లగుడ్డు మీద గీత పడింది. ఈసారికి మానుతుంది. మళ్లీ పడితే చూపు పోవచ్చు. దాని దగ్గరికి పిల్లను రానివ్వకు" అన్నాడు. సలీం తలూపాడు. వాడు తలూపడం నేను నా కళ్లతో చూశాను.

కంటి కట్టు విప్పారో లేదో చందర్ ఫోను. మేడంకు నచ్చింది, ఆమె భాగస్వామి ముసలాయన మాత్రం తనూ చూస్తేగాని సంతకం పెట్టనంటున్నాడు. "పాపను మళ్ల పడుకోబెట్టు సలీం భాయ్. ఈసారి వీడియో తీస్తా. ఇగ నా షెడ్లన్నిటికీ నీ బొంతే."

"అట్లనే సార్" అన్నాడు నా తమ్ముడు. ఒక్క క్షణమన్నా ఆలోచించలేదు, వాని మొహం మండ!

నేను దబ్బనం విసిరికొట్టాను. "దవాఖానాల చెప్పింది ఇనలేదారా?"

"ఇన్న."

"మరి?"

"కండ్లు మూసుకుంటది. లేవంగనే కడుగుదం. జరసేపే గదక్కా."

"పాసు కావాల్నంటే నువ్వు పండుకో!"

"నేను పండుకుంటె ఎవడు నమ్ముతడు? పిల్ల పండుకుంటెనే నమ్ముతరు." అని ఊరుకోలేదు. "నా ఇంట్ల తిని నా నోటికాడి కూడు తీస్తవా? బయట ఎవరన్న పెడ్తరేమో చూస్కో పో" అన్నాడు. మా మరదలు, సుమేరా తల్లి, కాన్పుకు సత్తుపల్లిలో పుట్టింట్లో ఉంది. ఉంటే వాడి గొంతు ఇంతగా లేచేది కాదు.

తర్వాత పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పాడు. "కండ్లు గట్టిగ మూసుకోవాలె. గోక్కోవద్దు. నవ్వాలె. ఏడిస్తివో, దుకాణం మూసేస్తరు."

"దుకాణం మూస్తే అత్త యాడికి పోతది నాయినా?"

"ఏమో మరి. పోవుడే." నా వైపు చూడకుండానే అన్నాడు. పిల్ల మాత్రం నన్నే చూస్తూ కూర్చుంది.

మేడంతో కలిసి ముసలాయన వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. బొంతను వాకిలి మధ్యలో పరిచారు. చందర్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నేను గడప దాటి వచ్చి మేడం ముందు నిలబడ్డాను. "అమ్మా, పిల్లకు పోయినసారి కన్ను చెడింది. దవాఖానాకు తీస్కపోయినం. గిది ఒంటికి తగలొద్దమ్మా" అన్నాను. పొక్కిన చేతులు చాపి చూపించాను.

చందర్ నవ్వాడు. "మేడం, ఏమనుకోకండి. మొగుడు పోయిన కాడి నుంచి ఆమెకు మతి నిలకడ లేదు. చేతులు ఆమే గీరుకుంటది. ఏం భాయ్?"

సలీం నేల చూస్తూ, "అవ్ మేడం" అన్నాడు.

ఆమె నా నుంచి చీర కొంగు పక్కకు లాక్కుంది. "పాపం. లోపలికి తీసుకెళ్లి మంచినీళ్లివ్వండి" అంది. ఇచ్చేవాళ్లు ఎవరు? ఆ ఇంట్లో మంచినీళ్లు ఇచ్చేదాన్ని నేనే.

సుమేరా పిలవగానే వచ్చింది. ఉరికి రాలేదు, నడిచి వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని వెల్లకిలా పడుకుంది. "దొర్లు పాపా" అన్నాడు చందర్. దొర్లింది. "నవ్వు. గట్ల కాదు, పండ్లు కనబడాలె." నవ్వింది. "చెంప ఆనించు. ఆఁ... ఇగ పాసు అను." పిల్ల కళ్లు తెరవకుండా, "ఇది పాసు" అంది. పక్కనున్న నాకే సరిగా వినబడలేదు. ముసలాయన అద్దాలు సవరించుకుని, "ఎంత హాయిగా పడుకుందో చూడండి" అని మెచ్చుకున్నాడు. కాగితాల మీద సంతకాలు మా వాకిట్లోనే అయ్యాయి.

కారు కదలగానే పిల్లను బోరింగు కింద కూర్చోబెట్టి నీళ్లు కుమ్మరించాను. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదవి బిగబట్టి కూర్చుంది. "వాళ్లు పోయిండ్రు, ఏడువు బిడ్డా" అని నేనే బతిమాలాను. ఏడవలేదు. "దుకాణం ఉంటది గదా అత్తా?" అని అడిగింది, అంతే.

దుకాణం ఉంది. దాని మీద పెద్ద బోర్డు కూడా వచ్చింది, గాజు బొంత మీద కళ్లు మూసుకుని నవ్వుతున్న సుమేరా ఫోటోతో. వచ్చే పోయే బస్సుల్లోంచి జనం చూస్తారు. పిల్ల మాత్రం ఎండలోకి వస్తే ఎడమ కన్ను చిట్లించుకుంటుంది. మళ్లీ డాక్టరు దగ్గరికి పోదామంటే సలీంకు తీరిక లేదు.

మొన్న మా మరదలు మగపిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చింది. సలీం సంబరం చూడాలి! కొడుకు కోసం మేలైన బూరుగు దూది తెచ్చి, పాత మిషను మీద తనే ఏకి, చిన్న పరుపు చేయించాడు. నేనే కుట్టాను. చివరి ముడి వేసి పిలిచాను. సుమేరా రాలేదు, గోడకు ఆనుకుని చూస్తోంది. "పోనీ, ఈసారి కొడుకే పాసు చేస్తడు" అని సలీం నవ్వుతూ పిల్లాణ్ణి పరుపు మీదికి వంచాడు.

అప్పుడు ఉరికొచ్చింది పిల్ల. తండ్రి చేతిని రెండు చేతులతో పట్టి లాగి, తనే పరుపు మీద పడింది. కళ్లు గట్టిగా మూసుకుంది. పళ్లన్నీ కనబడేట్టు నవ్వింది.

"తమ్మున్ని వద్దు నాయినా. వానికి కండ్లు మూసుకొని నవ్వుడు రాదు. నేనే పండుకుంట" అంది.

"ఏంది వదినా ఇది?" అని మరదలు నా వైపు తిరిగింది. "అక్కా..." అన్నాడు సలీం, బతిమాలుతున్నట్టు. నేను దబ్బనం కింద పెట్టి, మరదల్ని నా పక్కన కూర్చోమన్నాను.