కండక్టర్‌గారి సీటు

వృద్ధుల హోములో ఆయాగా పనిచేసిన రోజులు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది మధ్యాహ్నం భోజనాలయ్యాక మా హాలు. ఆ వేళే మాకు గండం. కాళ్ళు నిలవనివాళ్ళంతా ఒక్కసారిగా ఎక్కడికో బయలుదేరేవారు. ఒకరిని కూర్చోబెడితే ఇంకొకరు లేచేవారు. పడ్డారంటే వాళ్ళకు తుంటి ఎముక విరిగేది, మాకు తిట్లు పడేవి.

మమ్మల్ని గట్టెక్కించింది కండక్టర్‌గారే. రిటైరై ఎన్నేళ్ళయినా ఆయన బుర్రలో బస్సు ఆగలేదు. అందుకని కుర్చీలు రెండు వరసలుగా వేసేవాళ్ళం. ఆయన మధ్యలో నిలబడి, "బండి కదులుతోంది, ఎవరూ లేవకండి!" అని ఒక్క కేక వేస్తే పెంకి మామ్మలు కూడా బుద్ధిగా కూర్చునేవారు. నా మాటకు ఏనాడూ అంత విలువ లేదు. కుళ్ళుకునేదాన్ని కూడా.

అలాంటి మనిషికే కాళ్ళు వణకడం మొదలైంది. ఒకరోజు తూలిపడబోయి, కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నారు. అది చూసి సూపర్‌వైజరమ్మ నడుముకు కట్టే బెల్టు పట్టుకొచ్చింది.

"ఆయన్ని కుర్చీకి కట్టెయ్."

నాకు ఒళ్ళు మండింది. "కడితే పడరు, నిజమే. కానీ మనిషి మిగలడమ్మా. ఈ ఒక్క పూట నాకొదిలెయ్యండి."

"పడితే?"

"ఆ తప్పు నా నెత్తిన వెయ్యండి."

అన్నానే గానీ ఆయన్ని ఎలా కూర్చోబెట్టాలో తెలియలేదు. డ్యూటీలో ఉన్న కండక్టరు బతిమాలితే కూర్చుంటాడా! అప్పుడు తట్టింది. వెళ్ళి ఆయన ఎదురుగా నిటారుగా నిలబడ్డాను.

"బాబాయిగారూ, మీ డ్యూటీ అయిపోయింది. ఇక్కణ్ణించి నేను చూసుకుంటా."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఇంతమందినీ? ఎవరో ఒకళ్ళు నిలబడే ఉండాలమ్మాయ్."

"ఉంటాను."

"మధ్యలో కూర్చోవుగా?"

"కూర్చోను."

మెల్లగా వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నారు. కాళ్ళు చాపుకుని, "అమ్మయ్య! ఇన్నేళ్ళకి నాకూ సీటు దొరికింది," అన్నారు. సూపర్‌వైజరమ్మ బెల్టు చుట్టి బీరువాలో పెట్టేసింది.

ఆ రోజు నుంచి రోజూ అదే తంతు. ఆయన నిద్రపోయాక నేను కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. అయినా కూర్చోలేదు, మాటిచ్చాను కదా. ఇప్పుడు నేనూ ముసలిదాన్నై ఇంటిపట్టునే ఉంటున్నాను. ఎవరొచ్చినా "కూర్చో, కూర్చో" అంటారు. నాకేమో అలా నిలబడ్డ మధ్యాహ్నాల మీదే బెంగ.