ఖాళీ కుర్చీ వంతు

ప్రొఫెసరమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని రికార్డింగును మళ్ళీ వెనక్కి జరిపింది. పక్కన కాఫీ చల్లారి మీగడ కట్టింది. ఎన్నేళ్ళుగానో ఆమె పొద్దు ఇలాగే మొదలవుతుంది. కుర్రకారు మాటలు వినడం, విన్నది విన్నట్టు టైపు చేయడం. ఎవరు కుళాయి కోసం ధర్నా చేశారో, ఎవరు లైబ్రరీ మూతపడకుండా అడ్డం కూర్చున్నారో, అన్నీ ఆమె పుస్తకాల్లో ఉన్నాయి. ఆమె మాటే ఒక్కటీ లేదు. ఎవరైనా నిలదీస్తే "నేను అడిగేదాన్నే, చెప్పాల్సింది మీరు" అనేది.

ఆమె సమావేశాలకు ఒక పద్ధతి ఉంది. కుర్చీలు గుండ్రంగా వేసి, ఒకటి అదనంగా ఉంచుతారు. పనికి పోయి రాలేనివాళ్ళది, భయపడి ఇంట్లో ఉండిపోయినవాళ్ళది ఆ కుర్చీ. వంతు వచ్చినప్పుడు దాన్నీ "మీరేమంటారు?" అని అడిగి కాసేపు ఆగుతారు. కొత్తవాళ్ళు కిసుక్కున నవ్వుతారు. రెండోసారి వచ్చేసరికి ఆ నవ్వు ఉండదు.

ఆ ఆగిన క్షణాలే ఇప్పుడామెకు కంటిమీద కునుకు లేకుండా చేస్తున్నాయి. మొదట్లో రికార్డింగులో అక్కడ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. తర్వాతెప్పుడో కుర్చీ కిర్రుమంది. ఆపై ఏడాది ఎవరో గొంతు సవరించుకున్నారు. మొన్నటిదాంట్లో, మాట్లాడబోయే మనిషి నిండుగా ఊపిరి తీసుకోవడం వినబడింది.

"అక్కా, ఒక్కసారి ఇది విను" అంటూ హెడ్‌ఫోన్లు తీసి, ఇంట్లో తనతోనే ఉండే అక్క చెవులకు పెట్టింది.

అక్క విని మొహం చిట్లించింది. "నీ మొహం! అది నువ్వే కదే. చిన్నప్పట్నించీ నోరు తెరిచే ముందు అలాగే ఊపిరి ఎగబీలుస్తావ్."

"నేను ఎదురుగా కూర్చుంటానక్కా. ఆ కుర్చీలో ఎవరూ ఉండరు."

"అయితే నీ దయ్యమే అయ్యుంటుంది. ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని కూర్చున్నావ్, దానికీ విసుగొచ్చుంటుంది."

ఇద్దరూ నవ్వారు. ప్రొఫెసరమ్మ మాత్రం ఆ చోటును మళ్ళీ వెనక్కి జరిపి వింది.

సాయంత్రం మైదానం పక్కనున్న యువజన హాలు మెట్లెక్కుతుంటే ఛాతీలో బరువుగా అనిపించి, గోడ పట్టుకుని నిలబడింది. ఆ మైదానాన్ని దుకాణాలకు ఇచ్చేస్తామంటున్నారు మున్సిపాలిటీవాళ్ళు. జనం అభ్యంతరాలు వినడానికి వచ్చే వారమే విచారణ. ఎవరి పక్షమూ వహించొద్దని యూనివర్సిటీవాళ్ళు ఇప్పటికే ఆమె చెవిన వేశారు.

గుమ్మంలోనే 'మైకు' ఎదురైంది. గొంతు పెద్దదని స్నేహితులు ఆ పిల్లకు పెట్టిన పేరది.

"మేడమ్, కమిషనర్ ముందు మీరూ మాట్లాడాలి. మేమంటే పిల్లచేష్టలంటారు. మీరంటే వింటారు."

"చూద్దామమ్మా."

"లైబ్రరీ గొడవప్పుడు మా అమ్మతో కూడా చూద్దామనే అన్నారంట."

ఆ మాట సూదిలా దిగింది. ప్రొఫెసరమ్మ లోపలికి నడిచింది.

చంటిబిడ్డను ఎత్తుకుని ఒకామె ఆలస్యంగా వస్తే, ప్రొఫెసరమ్మ లేచి తన చోటిచ్చింది. ఇక మిగిలింది ఆ అదనపు కుర్చీ ఒక్కటే. కూర్చుంటే వెచ్చగా తగిలింది, ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు.

మధ్యలో స్టూలు మీద రికార్డరు నడుస్తోంది. మైకు వరసగా అడుగుతూ వచ్చి, అలవాటు కొద్దీ ఆ కుర్చీని కూడా "మీరేమంటారు?" అనేసి, తలెత్తి చూసి ఆగిపోయింది.

ప్రొఫెసరమ్మ ముందుకు వంగింది. కుర్చీ కిర్రుమంది. ఆమె గొంతు సవరించుకుంది. ఎన్నేళ్ళుగానో తాను వింటున్న చప్పుళ్ళు ఇవే! భయమేసింది. భయం వెనకే చెప్పలేనంత సంతోషమూ కలిగింది. ఇన్నాళ్ళూ ఎవరి జవాబు కోసం ఆగిందో తెలిసిపోయింది. ఉద్యోగం పోతే పోనీ, చెప్పేస్తాననుకుని నిండుగా ఊపిరి తీసుకుంది.

ఆ ఊపిరి బయటికి రాలేదు. తల మెల్లగా భుజం మీదికి వాలింది. ఆలోచిస్తున్నారేమోనని అందరూ మర్యాదగా ఆగారు. అలా ఆగడం ఆమె నేర్పిందే. చంటిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చేదాకా ఎవరూ కదల్లేదు.

ప్రొఫెసరమ్మ పోయిన వారానికి, విచారణ రోజున మైకు ఒక కుర్చీ అదనంగా వేయించి, అందులో ఆ రికార్డరు పెట్టింది. దాని వంతు రాగానే ఆ సాయంత్రపు రికార్డింగు వేసింది. కుర్చీ కిర్రుమంది, గొంతు సవరించుకోవడం వినబడింది, ఆ తర్వాత ఊపిరి. ఆపైన, ఆరోజు హాల్లో ఉన్న ఒక్కరూ వినని మాట గది నిండా స్పష్టంగా వినిపించింది.

"నేను వీళ్ళతోనే ఉన్నాను."

వెనక వరసలో అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దాని గొంతే" అంది పక్కామెతో. కమిషనర్ పెన్ను కింద పెట్టాడు. ఎవరూ ఆపడానికి చెయ్యి చాచలేదు. కుర్చీలో రికార్డరు ఫ్యాను చప్పుడు వినిపిస్తూ ఇంకా నడుస్తూనే ఉంది.